ఒకే నీడకు రెండు కార్లు

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పెద్దా చిన్నా అందరికీ ఆమె కారు పిన్నే. ఆమెకంటే వయసులో చాలా పెద్దవాడైన మూలింటి రిటైర్డ్ మాస్టారు కూడా "కారు పిన్నీ, రేపు కళ్ళాసుపత్రికి వెళ్ళాలమ్మా" అనే అంటాడు. పిన్ని నవ్వి, "ముందు సీటా, వెనక సీటా మాస్టారూ?" అని అడుగుతుంది. ముందు సీటు కావాలంటే బెల్టు పెట్టుకుని నోరు మూసుకుని కూర్చోవాలి, ఎలా నడపాలో సలహాలు ఇవ్వకూడదు. వెనక సీటు కావాలంటే ఒళ్ళో యూనిఫారాల మూటలు పెట్టుకోవాలి. ఈ రెండు షరతులకీ ఒప్పుకున్నవాళ్ళని ఎక్కడికైనా దింపుతుంది. మాస్టారు ఎప్పుడూ వెనక సీటే ఎంచుకుంటాడు, సలహా ఇవ్వకుండా ఉండడం ఆయన వల్ల కాదు కాబట్టి.

ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆమె బడిపిల్లల యూనిఫారాలు కుట్టిస్తుంది. మొదట్లో వరండాలో ఒక్క మిషను ముందు ఒక్కతే కూర్చునేది. తర్వాత కారు వేసుకుని బళ్ళకి తనే వెళ్ళి కొలతలు తీసుకోవడం, కుట్టినవి తనే తీసుకెళ్ళి ఇవ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడా షెడ్డులో వీధిలోని ఆడవాళ్ళు చాలామంది కూర్చుని కుడతారు, కుట్టినంతసేపూ కబుర్లు చెప్పుకుంటారు. కారు లేకపోతే ఆ షెడ్డు లేదు. ఈ సంగతి పిన్నికి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. అందుకే కారుని కన్నబిడ్డలా చూసుకుంటుంది. పొద్దున్నే తడిగుడ్డతో తుడవనిదే మంచినీళ్ళు కూడా ముట్టదు. యూనిఫారాలు కుట్టగా మిగిలిన నీలం గళ్ళ గుడ్డతో సీట్లకు కవర్లు కుట్టింది. ఆ కారెక్కితే ఐదో తరగతిలో కూర్చున్నట్టుంటుందని వీధిలో ఎగతాళి చేస్తారు. చెయ్యనీ. మిషను దారం తెగే ముందు చప్పుడు ఎలా మారుతుందో తెలిసిన చెవి ఆమెది. ఇంజిను కాస్త గొంతు మార్చినా ఇట్టే పట్టేస్తుంది. మెకానిక్ బానెట్ ఎత్తి వెతుకుతుంటే, "ముందర కాదు, కింద ఏదో వదులైంది చూడు బాబూ" అంటుంది. నూటికి తొంభైసార్లు ఆమె అన్నదే నిజమవుతుంది. మిగతా పదిసార్లూ ఆమెకు గుర్తుండవు.

ఈ కారు సంగతి చెప్పాలంటే ముందు ఆమె అత్తగారి సంగతి చెప్పాలి. ఆవిడ పోయి చాలాకాలమైంది గానీ, జరిగినదంతా ఆవిడ న్యాయం వల్లే జరిగింది.

ఆవిడకు ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అన్నమాట తన గడప లోపల వినపడకూడదని ఆవిడ పట్టుదల. దుప్పటి కొంటే రెండు కొనేది, ఒకే రంగువి. బీరువా కొంటే రెండు. పెద్ద కోడలికి జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఎందుకైనా మంచిదని చిన్న కోడల్నీ చూపించి తీసుకొచ్చేది. డాక్టరు ఈవిడకేం లేదని చెప్తే, "అయినా ఏదో ఒక టానిక్ రాయండి" అని కూర్చునేది. అలాంటి మనిషి కొడుకులు కారు కావాలంటే ఒక్క కారు కొంటుందా? పాత స్థలం ఒకటి అమ్మి, ఒకే కంపెనీవి, ఒకే రకానివి, ఒకే తెలుపువి రెండు కార్లు ఒకే రోజు కొనిపించింది. కొడుకుల పేర్లకి బదులు కోడళ్ళ పేర్ల మీద ఒకేసారి రిజిస్ట్రేషన్ చేయించింది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. వాకిట్లో రెండు కార్లూ పక్కపక్కన నిలబెడితే మధ్యాహ్నం గోడనీడ ఒక్కదాని మీదే పడేది. రెండోది ఎండలో మాడేది. ఇదెక్కడి న్యాయం అని ఆవిడకి నిద్ర పట్టలేదు. మర్నాటినుంచి రోజు విడిచి రోజు కార్ల చోట్లు మార్పించడం మొదలుపెట్టింది. ఇవాళ పెద్దవాళ్ళ కారు నీడలో ఉంటే రేపు చిన్నవాళ్ళ కారు. పక్కింటివాళ్ళు గోడ మీదనుంచి చూసి నవ్వుకునేవాళ్ళు. ఆవిడ లెక్కచేసేది కాదు.

చిన్న కొడుకు, అంటే పిన్ని భర్త, మందుల గోడౌన్లో లెక్కలు చూస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. కారు వచ్చిన కొత్తలో ఒక్కసారి వెనక్కి తీయబోయి గేటు స్తంభాన్ని గుద్ది, దిగివచ్చి తాళం భార్య చేతిలో పెట్టి, "ఇది నా వల్ల కాదు" అన్నాడు. మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. పిన్నికి నేర్పింది బావగారు, పెద్ద కొడుకు. ఓపికంటే ఆయనది. పక్కసీట్లో కూర్చుని, ఆమె గేరు మార్చినప్పుడల్లా బండి గుర్రంలా ఎగిరిపడుతున్నా కిటికీలోంచి బయటికి చూస్తూ, "పర్లేదమ్మా, కారుక్కూడా నువ్వు కొత్తే కదా" అనేవాడు. వెనకసీట్లో తోడికోడలు, పిన్ని అక్కా అని పిలిచే పెద్ద కోడలు, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చునేది. దిగాక, "చచ్చి బతికాను తల్లీ" అని నవ్వేది. అవి మంచి రోజులు.

ఆ తర్వాత అత్తగారు పోతూ పోతూ తన కాలి మిషను పిన్నికి ఇమ్మంది. జీవితంలో జంట లేకుండా ఆవిడ ఇచ్చిన వస్తువు అదొక్కటే. పెద్ద కోడలు పైకేమీ అనలేదు, ఒకసారి మాత్రం అంది. "అన్నీ రెండేసి కొన్న మనిషి, దీనికి మాత్రం నేను గుర్తుకు రాలేదేమో." పిన్ని ఆ మాటకి బదులు చెప్పకుండా మిషను తన వరండాలోకి మోయించుకుంది. ఏం చెప్పాలో తెలియకే అలా చేసింది. అక్కడినుంచి ఎడమొహం పెడమొహం. వాటాలు వేసుకున్నారు, వాకిలి మధ్యలో గోడ లేచింది, నీడ వాళ్ళ వైపుకి పోయింది. అన్నదమ్ములు వీధి చివర కలుసుకుని మాట్లాడుకునేవాళ్ళు గానీ ఆడవాళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి.

తర్వాత బావగారికి జబ్బు చేసింది. కారు నడపలేని స్థితి. అక్కకి నడపడం రాదు. ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజున గేటు ముందు ఆటో ఆగిన చప్పుడు వినిపిస్తే షెడ్డులో పిన్ని కాలు మిషను మీద ఆగిపోయేది. తను దారిన పోయేవాళ్ళని కూడా దింపి వస్తోంది, తనకి స్టీరింగు పట్టుకోవడం నేర్పిన మనిషి ఆటోలో పోతున్నాడు. ఒకరోజు ఇక ఉండబట్టలేక కారు తీసి, వాళ్ళ గేటు ముందు ఇంజిను ఆపకుండా నిలబెట్టింది. అక్క ఆయన్ని పట్టుకుని బయటికి వచ్చింది. ఒక్కసారి కారు వైపు చూసింది. పిన్ని గొంతులో మాట గొంతులోనే ఉండిపోయింది. అక్క మొహం తిప్పుకుని చెయ్యెత్తి ఆటోని పిలిచింది. ఆ తర్వాత ఆయన ఎక్కువకాలం ఉండలేదు. ఆయన కారు గోడకి అవతల కవరు కింద అలాగే ఉండిపోయింది. అమ్మమని ఎందరు అడిగినా అక్క అమ్మలేదు.

కారు రిజిస్ట్రేషన్‌కి పదిహేనేళ్ళు నిండాయి. మళ్ళీ చేయించుకుంటేనే రోడ్డెక్కాలి. బడులు తెరిచే రోజులు దగ్గర పడుతున్నాయి, షెడ్డులో మూటలు గుట్టలుగా ఉన్నాయి. పిన్ని కారుని తుడిచి, పాలిష్ పెట్టి, తనూ ఉతికిన చీర కట్టుకుని, పరీక్షకి పిల్లని తీసుకెళ్ళినట్టు రవాణా ఆఫీసుకి తీసుకెళ్ళింది.

ఆఫీసు వెనక ఖాళీ జాగాలో బళ్ళు వరసగా నిలబడ్డాయి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు లైట్లు చూశాడు, హారన్ కొట్టించాడు, బ్రేకు తొక్కించాడు. "పదిహేనేళ్ళ బండంటే నమ్మేలా లేదమ్మా" అని మెచ్చుకున్నాడు కూడా. పిన్ని మొహం వెలిగిపోయింది. ఇక మిగిలింది ఛాసిస్ నంబరు. బండి పుట్టినప్పుడు ఇనుము మీద చెక్కిన నంబరు అది. దాని మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు కాగితం మీదికి దిగుతాయి. కొలతలు తీసుకునే చెయ్యి కదా, పిన్ని తనే రుద్ది ఇచ్చింది. ఇన్‌స్పెక్టరు దాన్ని ఆర్‌సీ పక్కన పెట్టుకుని చూశాడు. మళ్ళీ చూశాడు.

"చివరి అంకె కలవడం లేదమ్మా. ఇంకోసారి రుద్దండి."

ఇంకోసారి రుద్దింది. అదే అంకె దిగింది. ఇన్‌స్పెక్టరు మొహంలో ఇందాకటి నవ్వు పోయింది. "ఈ బండి ఎక్కడిది? ఎవరి దగ్గర కొన్నారు?" అని అడిగాడు. వెనక బండివాడు మెడ చాచి చూశాడు. దొంగబండి అన్న మాట ఎవరూ పైకి అనలేదు గానీ పిన్నికి వినిపించినట్టే అయింది. "కొత్తది సార్. షోరూములో కొన్నాం. నేను తప్ప ఎవరూ నడపలేదు" అంది. తనకే తన గొంతు కొత్తగా ఉంది.

ఆయన లోపలికి వెళ్ళి కంప్యూటరులో వెతికించి తిరిగొచ్చాడు. ఈసారి మొహం కాస్త మెత్తబడింది. "భయపడకండి. ఈ ఛాసిస్ నంబరు ఉన్న బండి కూడా అదే రోజు, మీ ఇంటి అడ్రసులోనే రిజిస్టరైంది" అని ఓనరు పేరు చదివాడు. ఎన్నేళ్ళుగానో పిన్ని నోటితో అనని పేరు. అక్క పేరు.

"అంటే, సార్?"

"అంటే మొదట్లోనే నంబరు ప్లేట్లు తారుమారయ్యాయి. మీరు ఇన్నేళ్ళుగా నడుపుతున్నది ఆవిడ బండి. ఆవిడ దగ్గరున్నది మీది. రెండు దారులున్నాయి. ప్లేట్లు సరిచేసుకుని ఎవరి బండి వాళ్ళు తీసుకోవచ్చు. లేదంటే ఇద్దరూ ఒప్పుకుని ఒకరి బండి ఒకరికి ట్రాన్స్‌ఫర్ చేసుకోవచ్చు. ఏది చేసినా రెండు బళ్ళూ ఇక్కడికి రావాలి, ఇద్దరి సంతకాలూ కావాలి. ఇవాళ ఇంటికి తీసుకెళ్ళండి. ఆ తర్వాత ఇది తేలేదాకా తిప్పకండి."

ఆ సాయంత్రం పిన్ని సంగతంతా భర్తకి చెప్పింది. వింటూ వింటూ ఆయన ఉన్నట్టుండి పడీపడీ నవ్వాడు. అంతగా నవ్వడం పిన్ని ఎప్పుడూ చూడలేదు. "అమ్మ! అమ్మే చేసింది. నంబరు ప్లేట్లు బిగించే మనిషి ఇంటికొచ్చి ఏది ఎవరిదని అడిగితే, నీడలో ఉన్నది పెద్దదానిది అని లోపల్నించే చెప్పింది. ముందురోజు నీడలో ఉన్నది వదినదే మరి. ఆ రోజు పొద్దున్నే అన్నయ్య చోట్లు మార్చేశాడు. మా అమ్మ న్యాయం చూశావా?"

పిన్నికి నవ్వు రాలేదు. గోడకి అవతల కవరు కింద తుప్పు పట్టిన బండి ఒకటి, ఇవతల అద్దంలా మెరుస్తున్న బండి ఒకటి. కాగితం మాటంటే తుప్పుది తనది. అక్క ఒక్క మాట అంటే చాలు, కారు పోతుంది, దాని వెంట షెడ్డూ పోతుంది.

మర్నాడు మెకానిక్ వచ్చి సంగతంతా విని, చిటికె వేశాడు. "దీనికింత దిగులెందుకు పిన్నీ? ఆవిడ గుడికో గోపురానికో వెళ్ళినప్పుడు నేను గోడ దూకి, ఆ బండి నంబరు పెన్సిలుతో రుద్దుకొచ్చేస్తా. ఆ కాగితం మీ దరఖాస్తుకి అంటించేద్దాం. నాకు తెలిసిన మనిషున్నాడు లోపల. ఎవరికీ తెలీదు."

"నాకు తెలుస్తుందిగా" అంది పిన్ని.

"మీకు తెలిస్తే ఏమైంది?"

"రోజూ ఎక్కేది నేను బాబూ. అక్క సొమ్ములో కూర్చున్నానని తెలిసి గేరెలా వేస్తాను?" మెకానిక్ తల గోక్కున్నాడు. ఇలాంటి వాళ్ళతో తనకి వ్యాపారం సాగదని గొణుక్కుంటూ వెళ్ళాడు గానీ, వెళ్ళేముందు కారు బానెట్ మీద అరచేత్తో మెల్లగా తట్టాడు.

పిన్ని ఆ పూటే అక్క గేటు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఏం మాట్లాడాలో దారిపొడుగునా అనుకుంది. దారంటే ఎంత, రెండు గేట్ల మధ్య దూరం. అక్క తలుపు తీసింది, లోపలికి రమ్మనలేదు. వాకిట్లో కారు మీద ఉతికిన కవరు కప్పి ఉంది. టైర్లలో గాలి లేక బండి నేలకి అతుక్కుపోయింది. పిన్ని అనుకున్న మాటలన్నీ మరిచిపోయి, చెప్పాల్సిన వాటిలో చివరిది ముందు చెప్పేసింది.

"అక్కా, కాగితాల ప్రకారం ఈ కారు నాదట."

అక్క మొహం పాలిపోయింది. "మిషను తీసుకున్నావు" అంది చాలా మెల్లగా. "ఇప్పుడు ఆయన కారు తీసుకుపోవడానికి వచ్చావా?"

"కాదక్కా, నేను చెప్పేది విను..."

అక్క వినలేదు. వెళ్ళి కవరు ఎత్తి, కిర్రుమన్న తలుపు లాగి, స్టీరింగు ముందు కూర్చుని తలుపేసుకుంది. దుమ్ముపట్టిన అద్దంలోంచి లోపల కనిపించింది. సీట్లు ఎలుకలు కొరికేశాయి. కానీ స్టీరింగు మాత్రం తళతళలాడుతోంది. దాని ఎదురుగా బావగారి కళ్ళజోడు పెట్టె ఆయన పెట్టిన చోటే ఉంది. అప్పుడు అర్థమైంది పిన్నికి. తన కారు పోతుందని తను భయపడుతుంటే, అక్క ఈ తుప్పుబండి పోతుందని భయపడుతోంది. సిగ్గుతో తల వంచుకుని బయటికి వచ్చేసింది.

తర్వాతి రోజుల్లో వీధి వీధంతా ఒక వింత చూసింది. కారు పిన్ని నెత్తిన ఒక మూట, చంకలో ఒక మూట పెట్టుకుని బస్సు ఎక్కుతోంది. మాస్టారు బస్టాపులో ఎదురై సలహా ఇవ్వబోయి, ఆమె మొహం చూసి ఊరుకుని, ఒక మూట అందుకున్నాడు. షెడ్డులో ఆడవాళ్ళు తలా ఒక బడికి వంతులు వేసుకున్నారు. ఎన్నాళ్ళు ఇలా అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఒకరోజు పిన్ని బస్సులోనే రవాణా ఆఫీసుకి వెళ్ళి ట్రాన్స్‌ఫర్ కాగితాలు తెచ్చింది. ఇంట్లో కూర్చుని ఒక దాని మీద సంతకం చేసింది. భర్త పక్కన నిలబడి చదివాడు. తుప్పుబండిని అక్క పేరుకి మార్చే కాగితం అది. తను నడిపే కారుని తన పేరుకి మార్చే రెండోదాని మీద అక్క సంతకం పెట్టాలి.

"ఆవిడ రెండో దాని మీద సంతకం పెట్టకపోతే?"

"పెట్టకపోతే పెట్టదు."

"అప్పుడు రెండు కార్లూ ఆవిడవే అవుతాయి. నీకేం ఉండదు."

"ఉండదండీ" అంది పిన్ని. "ముందు నువ్వు పెట్టు అంటే అది బేరమవుతుంది. బావగారి కారుకి నేను బేరం ఆడలేను." ఆ మాట గట్టిగానే అంది గానీ, ఆ తర్వాత వెళ్ళి తన కారులో కూర్చుని, గళ్ళ సీటు మీద చెయ్యి వేసుకుని కాసేపు ఏడ్చింది. ఏడుపు అయ్యాక డాష్‌బోర్డు మీద దుమ్ము కనిపిస్తే పమిటచెంగుతో తుడిచింది. పోయేదైనా శుభ్రంగా పోవాలి కదా.

అక్క ఈసారి తలుపు తీయలేదు, కిటికీ తీసింది. పిన్ని రెండు కాగితాలూ, కారు తాళాలూ కిటికీ గట్టు మీద పెట్టింది. "అక్కా, మొన్న చెప్పడం రాక అడ్డదిడ్డంగా చెప్పాను. బావగారి కారు నీ పేరుకి రాసిచ్చేశాను, సంతకం పెట్టేశాను. ఇక దాన్ని ఎవరూ అడగరు. నేను నడిపేది ముందునుంచీ నీదేనట, అందుకని తాళాలు తెచ్చాను. ఉంచుకుంటావో ఇస్తావో నీ ఇష్టం." అంతే చెప్పి, జవాబు కోసం చూడకుండా వచ్చేసింది.

మర్నాడు మధ్యాహ్నం షెడ్డు గుమ్మంలో అక్క కనిపించింది. మిషన్ల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ షెడ్డులోకి ఆవిడ రావడం అదే మొదలు. అన్ని మిషన్లూ దాటి, కిటికీ పక్కన మంచి వెలుతురులో ఉన్న పాత కాలి మిషను దగ్గర ఆగింది. చక్రం మీద చెయ్యి వేసి తిప్పింది. చప్పుడు లేకుండా తిరిగింది. పిన్ని దానికి ఏ రోజూ నూనె తక్కువ చేయలేదు. అక్క దాని బల్ల మీద రెండో కాగితం పరిచి, "పెన్నుందా?" అంది. షెడ్డంతా చూస్తుండగా సంతకం పెట్టింది. తాళాలు దాని మీద పెట్టింది.

"ఆ బండి సీట్లు ఎలుకలు తినేశాయి, కవర్లు కావాలి" అంది. పిన్ని తలూపింది. అక్క వెళ్తూ గుమ్మంలో ఆగి, "అదే గుడ్డ" అంది. "నీ కారుకి గళ్ళవీ, నా కారుకి ఇంకోటీ అంటే ఊరుకోను." మూల కూర్చున్న ఒకావిడ అచ్చం అత్తగారే అని గొణిగింది. అందరూ వినీ విననట్టు తలలు వంచుకుని కుట్టడం మొదలుపెట్టారు.

తుప్పుబండికి ప్రాణం పోయడం మెకానిక్ వంతు. బ్యాటరీ కొత్తది, టైర్లు కొత్తవి, ఎలుకలు కొరికిన వైర్లు కొత్తవి. ఇక ఇందులో పాతదేముంది అని విసుక్కున్నాడు. "స్టీరింగు పాతదే ఉంచు" అని అక్క గట్టిగా చెప్పింది. ఛాసిస్ నంబరు మీది తుప్పుని పిన్నే గీకి, నూనె రాసి, కాగితం పెట్టి రుద్దింది. అంకెలు ఒక్కొక్కటే పైకి తేలాయి. పదిహేనేళ్ళ క్రితం తన పేరున పుట్టిన బండి నంబరు అది. చూసుకుని, కాగితం మడిచి అక్క చేతికిచ్చింది.

ఆఫీసుకి వెళ్ళే రోజున అక్క బావగారి కారులోనే కూర్చుంది. మెకానిక్ నడిపాడు. పిన్ని తన కారులో వెనక వెళ్ళింది. ఇన్‌స్పెక్టరు రెండు పెన్సిలు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు, ఇద్దరి సంతకాలూ చూశాడు. నీడ సంగతి విని, పక్క బల్లల వాళ్ళని కూడా పిలిచి మళ్ళీ చెప్పించుకున్నాడు. పని పూర్తయింది. ఆఫీసు వెనక ఖాళీ జాగాలో మెకానిక్ స్క్రూలు విప్పి ప్లేట్లు ఇటువి అటు, అటువి ఇటు బిగించాడు. రెండు కార్లూ పక్కపక్కన, ఒకే తెలుపు, ఒకే గళ్ళ సీట్లు. కొన్న రోజున ఇలాగే నిలబడ్డాయి. ఆ రోజు ఇద్దరు కోడళ్ళూ ఒకరి పక్కన ఒకరు నిలబడి ఏది ఎవరిదో తెలియక నవ్వుకున్నారు.

మెకానిక్ బావగారి కారు స్టార్టు చేశాడు. పిన్ని తన కారెక్కి ఇంజిను ఆన్ చేసింది. అక్క రెండు కార్ల మధ్యా నిలబడిపోయింది. అటూ ఎక్కలేదు, ఇటూ రాలేదు.

పిన్ని అద్దంలోంచి చూస్తూ కూర్చుంది. ఇంజిను తిరుగుతోంది. ఇదే ఇంజిను, ఇదే చప్పుడు, అప్పుడు అక్క గేటు ముందు కూడా ఇలాగే కూర్చుంది. గొంతులో అదే మాట అదే చోట అడ్డం పడింది. ఈసారి దాన్ని అక్కడ ఉండనివ్వలేదు. బెల్టు విప్పి, పక్కకి వంగి, లోపల్నించి అవతలి తలుపు తీసింది.

"ఎక్కు అక్కా."

అక్క ఎక్కి కూర్చుంది. చాలాసేపు బెల్టు దొరకనట్టు వెతికింది. దొరికాక దాన్ని చేత్తో పట్టుకుని, పెట్టుకోకుండా, ఎదురుగా చూస్తూ అంది.

"ఆ రోజు ఆయన్ని పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి నువ్వు కారు తీసి ఉన్నావు. ఆయన అన్నారు, కాస్త ఆగు, పిలుస్తుంది అని. ఆగాం."

పిన్నికి స్టీరింగు మసకగా కనిపించింది. "పిలవడానికే వచ్చానక్కా" అంది. "బావగారికి తెలుసా?"

"నీకు నడపడం నేర్పింది ఆయనే కదా. తెలీకుండా ఉంటుందా?" అక్క బెల్టు పెట్టుకుంది. "ఇక పోనీ. మెల్లగా. నేను కళ్ళు మూసుకోను."